తిని చూసే మనిషి

కొట్టు తలుపు సగం ఎత్తగానే ముందుగా వచ్చేవాడు గడియారాలు బాగుచేసే ఆయన. ఆయన దుకాణం ఆ పక్కనే. గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, రోజూ అడిగే మాటే అడిగేవాడు.

"ఏం తల్లీ, పరీక్ష అయిందా? ఇవాళ మాకు తిండి మంజూరైనట్టేనా?"

పొయ్యి వెనక నిలబడి సాసర్లో నిన్నటి కూర తింటున్న కోడలు నోట్లో ముద్ద ఉండగానే నవ్వి తల ఊపేది. గల్లాపెట్టె దగ్గర కూచున్న ఆమె భర్త, "పాసండీ, పాసు! ఫస్టు క్లాసులో పాసు" అనేవాడు. ఆయన రెండు రొట్టెలు కాగితంలో చుట్టించుకుని, "ఈ వీధిలో కళ్ళు మూసుకుని తినగలిగేది మీ కొట్లోనేనయ్యా" అనేసి వెళ్ళేవాడు.

పాఠకులారా, ఈ నవ్వులాటలో తప్పేముందని మీకు అనిపించవచ్చు. ఆ వీధిలో కూడా ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఎవరికీ ఏమీ అనిపించకపోవడం గురించే ఈ కథ.

ఆ కొట్లో అమ్మేది ఒకటే సరుకు. లోపల కూర దట్టించి కాల్చిన గుండ్రటి రొట్టె. ఉడికించి చిదిమిన దుంపలు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, కాస్త మాంసం, మిరియాలు. కాలేసరికి నడిమధ్య ఉబ్బి, సుఖపడ్డ మనిషి పొట్టలా నిగనిగలాడేది. అందుకే జనం దాన్ని బొజ్జరొట్టె అనేవాళ్ళు. మొదలుపెట్టింది అత్త. భర్త పోయిన ఏడాది, చంకలో పిల్లాడితో, ఒక్క పెనం పెట్టుకుని అరుగు మీద కూచుంది. అప్పట్లో ఎవరో అడిగారట, "నిన్న మిగిలింది కలిపి పెడుతున్నావేమో, ఎవరికి తెలుసు?" అని. అత్తకి ఒళ్ళు మండింది. ఆ మర్నాడు అందరూ చూస్తుండగా మిగిలిన కూర గరిటెడు తీసుకుని తానే తిని, పొయ్యి వేడెక్కేదాకా అక్కడే కూచుని, "చూశారా? రాయిలా ఉన్నాను. ఇప్పుడు తినండి" అంది.

అదే ఆ ఇంటి పద్ధతైపోయింది. కొట్టు పెట్టుకున్నాక గుమ్మం మీద బోర్డు కూడా రాయించారు: 'మేం తిని చూసిందే మీకు పెడతాం.' మిగిలిన కూరని పారబొయ్యరు. చల్లగా దాచి, పొద్దున్నే ఒకరు తిని చూస్తారు. పొయ్యి కాగేలోపల తిన్న మనిషికి ఏమీ కాకపోతే దాన్ని కొత్త కూరలో కలిపేస్తారు. దాపరికం లేదు, దొంగతనం లేదు. ఇంత నిజాయితీ ఎక్కడుంటుందని జనం మెచ్చుకున్నారు.

అయితే ఆ 'మేం' అనే మాటలో ఎందరున్నారని మాత్రం ఎవరూ లెక్క చూసుకోలేదు. మొదట అత్త ఒక్కతే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే సాసరు చేతులు మారింది. కొడుకు చేత తినిపించొచ్చు కదా అంటే, "వాడు పదిమందితో మాట్లాడాల్సినవాడు. వాడి కడుపు చెడితే కొట్టు మూసుకోవాల్సిందే" అంది అత్త. కోడలి కడుపు చెడితే ఏమవుతుందన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కోడలూ వేసుకోలేదు. పొద్దున్నే అందరికంటే ముందు తనకే తిండి దొరుకుతోంది, పుట్టింటికంటే అదే నయమనుకుంది. తర్వాత ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్ల బడికి వెళ్ళే వయసూ వచ్చింది, సాసరు మాత్రం తల్లి చేతిలోనే ఉంది.

వ్యాపారం జోరుగా ఉన్నన్నాళ్ళు మిగిలేది గరిటెడే. పోనుపోను రోజులు మారాయి. వీధి మలుపులో అద్దాల తలుపులతో పెద్ద తినుబండారాల దుకాణం వెలిసింది. లోపల చల్లగాలి, కూచోవడానికి మెత్తటి కుర్చీలు. కుర్రకారంతా అటు మళ్ళింది. సాయంత్రం రద్దీ పలచబడింది. ఎంత కూర వండాలో భర్తకి అంతుపట్టేది కాదు. తక్కువ వండితే, వచ్చిన నలుగురూ వెనక్కి పోతారేమోనని గుబులు. ఎక్కువ వండితే మిగిలిపోతుంది. ఆ గుబులు కొద్దీ ఎక్కువే వండేవాడు. గిరాకీ తగ్గుతున్నకొద్దీ సాసరు కాస్తా పళ్ళెమైంది. "ఇంత తిన్నా నీకేం కాలేదంటే ఇక ఎవరికీ ఏం కాదు" అనేవాడు భర్త. అందులో అతనికి దుర్మార్గం ఏమీ లేదు. నిజంగానే ధైర్యం తెచ్చుకునేవాడు.

ఆమెకి మాత్రం ఒక బాధ ఉండేది. తిన్న కాసేపటికి రొమ్ముల మధ్య నిప్పు రాజుకున్నట్టు ఉండేది. కడుపులో మెలిపెట్టేది. పిండి పిసుకుతూ బల్ల అంచుని పొట్టకి అదిమి పట్టుకునేది, అలా అదిమితే కాస్త హాయి. నోరు ఎప్పుడూ పుల్లగానే ఉండేది. చన్నీళ్ళు తాగి, ఇంతేలే అనుకునేది. పొయ్యి కాగాక భర్త అటునుంచే కేకేసేవాడు.

"ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదండీ!"

ఈ ప్రశ్న, ఈ జవాబు, పాలవాడి గంటలా రోజూ వినిపించేవి. వినీ వినీ ఎవరూ వినడం మానేశారు.

అటువంటి రోజుల్లో వాళ్ళ నెత్తిన పాలు పోసినట్టు ఒక బేరం తగిలింది. రెండు వీధుల అవతల కుట్టు కార్ఖానా ఉంది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళకి మధ్యాహ్నం రొట్టెలు పంపమని కార్ఖానా మేస్త్రీ వచ్చి చెప్పాడు. రోజూ ఖాయంగా పోయే సరుకు. భర్త ముఖం విప్పారింది. అత్త చాలా రోజుల తర్వాత జోకు వేసింది.

"అద్దాల కొట్టువాడికి కుర్చీలున్నాయి, మనకి కుట్టుమిషన్లున్నాయి. చూద్దాం ఎవరివి ఎక్కువ తిరుగుతాయో!"

కొన్నాళ్ళు బాగానే గడిచింది. అంతలో ఒకరోజు వాన పట్టుకుంది. వీధుల్లో మోకాటిలోతు నీళ్ళు, కార్ఖానాకి సెలవు. వండిన కూర వండినట్టే ఉండిపోయింది. పులిమీద పుట్రలా కరెంటు పోయింది. చల్లపెట్టె చల్లబడటం మానేసింది. తెల్లారాక వాన వెలిసింది గానీ ఉక్క మొదలైంది.

ఆ పొద్దున కోడలి చేతికి వచ్చిన పళ్ళెం నిండుగా ఉంది. మొదటి ముద్దలోనే నాలుకకి పులుపు తగిలింది. ఆగింది. ఆ పులుపు కూరదా, తన నోటిదా? తన నోరు రోజూ పుల్లనే కదా. రెండో ముద్ద తింది. మూడోది తింది. కడుపులో మంట మొదలైంది. అదీ రోజూ ఉండేదే. ఇవాళ కొంచెం ఎక్కువగా ఉందా? నిన్న ఎంత ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది, గుర్తుకు రాలేదు. భర్త కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆ గంగాళం కూర పారబొయ్యాల్సి వస్తే మధ్యాహ్నానికి కార్ఖానాకి ఏం పంపాలి? బేరం పోతే? 

"ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదండీ."

మధ్యాహ్నం రొట్టెల గంప కార్ఖానాకి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా మేస్త్రీ వచ్చాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏం పెట్టారయ్యా మా వాళ్ళకి? ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వాంతులు. బొత్తాల పిల్ల స్పృహలో లేదు. ఆసుపత్రిలో వేశాం. రండి, డాక్టరమ్మ పిలుస్తోంది!"

కార్ఖానాలో బొత్తాలు కుట్టే అమ్మాయిని అందరూ బొత్తాల పిల్ల అంటారు. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. కోడలికి ఆ అమ్మాయి ముఖం తెలుసు. ఒకసారి కొట్టుకి వచ్చి, "అక్కా, నాది కాస్త పెద్దది చూసి ఇవ్వరూ, నాకు ఆకలెక్కువ" అని అడిగింది. ఇవాళ కూడా రెండు తినే ఉంటుంది.

అత్త, కొడుకు, కోడలు ముగ్గురూ మేస్త్రీ వెంట ఆసుపత్రికి నడిచారు. దారిలో భర్త రెండుసార్లు తడబడ్డాడు. ఆసుపత్రి వరండాలో బల్లల మీద కార్ఖానా ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. కొందరు కడుపు పట్టుకుని, కొందరు గోడకి తల ఆనించి. ఫినాయిలు వాసన. లోపల్నించి ఎవరో వాంతి చేసుకుంటున్న శబ్దం. తలుపు సందులోంచి బొత్తాల పిల్ల కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పక్కన వాళ్ళమ్మ ఆ పాదాలు రుద్దుతోంది.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. కోపంగా లేదు, తొందరగా ఉంది.

"వాళ్ళందరూ తిన్నది మీ రొట్టెలే. కానీ కార్ఖానాలో ఇవాళే కొత్త నీళ్ళ డ్రమ్ము పెట్టారట. తిండా, నీళ్ళా? నాకు వెంటనే తెలియాలి. నిజం చెప్పండి, మీ కూర ఎప్పటిది?"

 అత్త ముందుకొచ్చింది.

"అమ్మా, మా ఇంటి సంగతి ఈ వీధుల్లో ఎవర్నైనా అడగండి. మేం తినకుండా ఎవరికీ పెట్టం. ఇదిగో మా కోడలు. పొద్దున ఇదే కూర పళ్ళెం నిండా తింది. చూడండి, ఎలా నిలబడి ఉందో! కూర చెడిందైతే అందరికంటే ముందు పడిపోవాల్సింది ఇదే కదా?"

అందరూ కోడలి వైపు చూశారు. మేస్త్రీ కూడా చూశాడు. అతని అనుమానం మెల్లగా రొట్టెల మీంచి నీళ్ళ మీదికి జరిగింది.

"అయితే నీళ్ళే అయ్యుండాలి" అన్నాడు నీరసంగా.

"నీళ్ళే! నీళ్ళే అయ్యుంటాయి" అన్నాడు భర్త. మునిగిపోతున్నవాడికి ఒడ్డు కనిపించినట్టు ఆ మాటని పట్టుకున్నాడు. భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "చెప్పవే, నువ్వు తిన్నావు, నీకేం కాలేదు. ఆ ఒక్క ముక్క చెప్పు చాలు" అన్నాడు.

"ఇంకా నమ్మకం లేకపోతే, రేపట్నించి దీనికి తోడు మా మనవరాలు కూడా తిని చూస్తుంది" అంది అత్త, మేస్త్రీతో. "పదేళ్ళ పిల్ల. పసినాలుక అబద్ధం చెప్పదు."

కోడలికి బడి సంచీ తగిలించుకుని, జడలు ఊపుకుంటూ తన కూతురు పొయ్యి వెనక నిలబడి నిన్నటి కూర తింటున్నట్టు కళ్ళకి కట్టింది. ఆ పిల్ల కూడా కొన్నాళ్ళకి బల్ల అంచుని పొట్టకి అదుముకుంటుంది. ఏమన్నా అయిందా అని అటునుంచి ఎవరో కేకేస్తారు. ఏం కాలేదు అంటుంది.

సరిగ్గా అప్పుడే పక్క బల్ల మీద కూచున్న నడివయసు కుట్టుపని ఆవిడ లేవబోయింది. ఆమె ఒళ్ళో చేతిగుడ్డ మూట ఉంది.

"నీళ్ళదే తప్పైతే నేను ఇంటికి పోతానండీ. పిల్లలు బడినుంచి వచ్చేస్తారు. సగం రొట్టె వాళ్ళకోసం దాచాను, ఆకలితో ఎదురుచూస్తుంటారు."

"నేనూ దాచాను" అంది ఇంకొకావిడ.

"అందరం దాస్తాం. ఒంట్లో బాగున్నవాళ్ళు ఈపాటికి పట్టుకుని ఇళ్ళకి పోయారు కూడా" అంది మూడో ఆవిడ.

కోడలు ఆ మూట కేసి చూసింది. ఇక్కడ తాను ఏం కాలేదన్న ఒక్క మాట చెబితే కొట్టు నిలబడుతుంది. ఆ మూటలన్నీ ఇళ్ళలో విప్పుతారు.  అత్త ఒక్క పెనంతో పెంచిన కొట్టు. భర్తకి వేరే పని రాదు. కూతురి ఫీజు, ఇంటి కూడు, అన్నీ ఆ పొయ్యి లోంచే రావాలి. అయినా ఆమె చెయ్యి ముందుకు పోయి ఆ మూటని గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వొద్దమ్మా. పిల్లలకి ఇది పెట్టొద్దు. నిన్నటి కూర ఇది. పొద్దున పుల్లగా తగిలింది నాకు. కడుపు మండింది. ఇప్పటికీ మండుతోంది."

మేస్త్రీ చటుక్కున భర్త వైపు తిరిగాడు.

"ఏం కాలేదన్నావు కదే!" అన్నాడు భర్త. గొంతు పిల్లాడి గొంతులా పలికింది.

"రోజూ అయ్యేదే అయిందండీ. రోజూ ఏం కాలేదనే చెప్పాను, ఇవాళా అదే చెప్పాను. నాకిది ఎక్కువో తక్కువో తెలీడం ఎప్పుడో పోయింది."

"కడుపు మంటా?" అత్త విసుక్కుంది. "దానికింత రాద్ధాంతమా? అదీ ఒక జబ్బేనా? నాకూ ఉండేది. ఎన్నేళ్ళు పడ్డానో! ఆ సాసరు నీ చేతికిచ్చాకే కదా తగ్గింది..."

అని, ఆగిపోయింది. తన మాట తన చెవిన పడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే బల్ల మీద కూలబడింది.

డాక్టరమ్మ ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. లోపలికి కేకేసి మందులు మార్పించింది. మేస్త్రీని, భర్తని చూసి, "నిలబడ్డారేం? ఇళ్ళకి పరిగెత్తండి. ఒక్క ముక్క కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు" అంది.

మేస్త్రీ ఆసుపత్రి ముందు వదిలిన తన సైకిలు తీశాడు. భర్త వెనక కూచున్నాడు. ఇన్నేళ్ళూ 'రండి, వేడి వేడి బొజ్జరొట్టె' అని పిలిచిన నోటితో, ఇంటింటి ముందూ నిలబడి, "అమ్మా, మా రొట్టె తినకండి, చెడిపోయింది, మాదే తప్పు, ఇచ్చెయ్యండి" అని అరిచాడు. కొందరు తిట్టారు. ఒకాయన కొట్టబోయాడు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు రొట్టెని చెరి సగం తుంచుకుని నోటి దాకా తెచ్చారు. అతను చెప్పులైనా విడవకుండా లోపలికి దూకి వాళ్ళ చేతుల్లోంచి లాక్కున్నాడు. పిల్లలు బావురుమన్నారు. ఆ ఏడుపు వింటూ, రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని అతనూ ఏడ్చాడు.

ఆ ఇళ్ళలో పిల్లలెవరూ జబ్బుపడలేదు. బొత్తాల పిల్ల మర్నాటికి కళ్ళు తెరిచింది.

ఆ రోజే ఆసుపత్రిలో డాక్టరమ్మ కోడల్ని పరీక్ష చేసింది. భర్తనీ అత్తనీ ఎదుట నిలబెట్టుకుని చెప్పింది.

"ఈమెకి ఏమీ కాలేదని నిన్న నాకు సాక్ష్యం చెప్పారు. ఈమెకి ఏళ్ళ తరబడి అవుతూనే ఉంది, కడుపు నిండా పుళ్ళున్నాయి. రోజూ మీరు అడిగింది కూర సంగతి. ఈమె సంగతి మీలో ఒక్కరూ అడగలేదు. నొప్పికి అలవాటుపడ్డ మనిషిని కాపలా పెట్టుకుంటే, ప్రమాదం గుమ్మంలోకి వచ్చినా ఆ మనిషి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకుండా చేసింది మీరే."

భర్త తలెత్తలేదు. అత్త మాత్రం, "నాకు కూడా ఎవరూ చెప్పలేదమ్మా" అంది మెల్లగా. అందులో సమర్థింపు లేదు. ఎవరి మీదో తెలియని ఏడుపు ఉంది.

ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి కొట్టుకి తాళం వేసి సీలు వేశారు. చాలా వారాలు అది అలాగే ఉంది. ఇల్లు గడవడం కష్టమైంది. అద్దాల దుకాణం వాళ్ళు ఇంకో రెండు కుర్చీలు వేశారు. గడియారాల ఆయన ఒకరోజు ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఏదో సరదాగా అనబోయి, అనలేక, "మందులు వేసుకుంటున్నావా తల్లీ?" అని మాత్రం అడిగి వెళ్ళాడు. ఆమెకి ఆ ప్రశ్న కొత్తగా వినిపించింది.

కొట్టు మళ్ళీ తెరిచే అనుమతి వచ్చాక పొయ్యి చిన్నదైంది. భర్త ముందుగానే వీధిలో తిరిగి ఎవరికెన్ని కావాలో అడిగి అంతకే కూర వండించేవాడు. పొద్దుగూకేసరికి ఏమన్నా మిగిలితే అప్పటికప్పుడు వేడిగా ఎవరికైనా పెట్టేసేవాళ్ళు. ఆపైన మిగిలితే చెత్తబుట్టే. అలా వంపేటప్పుడు అత్త మొహం అటు తిప్పుకునేది. కానీ వద్దనేది కాదు.

జనం మాత్రం అంత తొందరగా రాలేదు. ఒకసారి భయపడ్డ కడుపు మళ్ళీ నమ్మడానికి ఏం చూసి నమ్ముతుంది? రొట్టెలు చల్లారుతుంటే భర్త వీధి కేసి చూస్తూ కూచునేవాడు. అటువంటి ఒక మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. వెనక బొత్తాల పిల్ల ఉంది. చిక్కింది గానీ ముఖంలో కళ వచ్చింది.

"కార్ఖానాకి మళ్ళీ రొట్టెలు తెప్పించుకుందామంటున్నారు మా వాళ్ళు. కానీ ఒక షరతుంది. అదేదో ఈ పిల్లే చెబుతుందట" అన్నాడు మేస్త్రీ.

భర్త గబగబా లేచాడు. "చెప్పమ్మా, చెప్పు! ఏ పరీక్షైనా సరే. కావాలంటే నేనే మీ ముందు కూచుని తిని చూపిస్తాను."

"అబ్బే, తిని చూపించక్కర్లేదు అన్నయ్యా" అంది ఆ పిల్ల. "తిని చూసేవాళ్ళు మాకొద్దు. మధ్యాహ్నం అక్క వచ్చి మా పక్కన కూచుని తినాలి. మేం తినేదే, మేం తినేటప్పుడే, అంతే వేడిగా. ఆ రోజు తను నోరు విప్పకపోతే మా పిల్లలు ఏమయ్యేవాళ్ళో మాకు తెలుసు. మా అందరికంటే ముందు తను తినక్కర్లేదు. మా అందరి తర్వాతా తినక్కర్లేదు."

మర్నాడు గంపతో పాటు కోడలు కూడా వెళ్ళింది. మిషన్లు ఆగాయి. ఆడవాళ్ళు నేల మీద వరసగా కూచుని ఆమెకి జాగా ఇచ్చారు. ఆమె అలవాటు కొద్దీ గంప అడుగున మాడిన రొట్టె కోసం వెతికింది. పక్కనున్నావిడ ఆ చెయ్యి మీద చిన్నగా కొట్టి, పైనున్న పెద్ద రొట్టె తీసి చేతిలో పెట్టింది. ఆమె తుంచింది. ఆవిరి వచ్చింది. మెల్లగా నమిలింది. మిరియాల ఘాటు, ఉల్లిపాయల తీపి ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తున్నాయి. ఇన్నేళ్ళు తాను చేసిన తిండికి ఇంత రుచి ఉందని ఆమెకి తెలియదు.

"ఎలా ఉందక్కా?" అని అడిగింది బొత్తాల పిల్ల.

అది కూర సంగతి అడగడం కాదని ఆమెకి అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, "బాగుందే. ఇవాళ కొంచెం తక్కువగా మండుతోంది" అని నిజమే చెప్పింది.

పాఠకులారా, మీలో చాలామందికి కొట్లు లేకపోవచ్చు. కానీ ప్రతి ఇంట్లోనూ నిన్నటి గిన్నె ఒకటి ఉంటుంది, దాని ముందు రోజూ కూచునే మనిషి ఒకరు ఉంటారు. ఆ మనిషి ఏం కాలేదంటే నమ్మి ఊరుకోకండి. పక్కన కూచుని మళ్ళీ అడగండి. ఊళ్ళో వాళ్ళకి అమ్మడానికి పనికిరాని తిండి, మన ఇంటి ఆడదాని కడుపుకీ పనికిరాదు.